సైకిల్ వెనక రేకుపెట్టె

పెన్షనర్ల దినం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి పంపమని మన సంఘం కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, నాకేం తెలుసని రాయమంటారు అన్నాను. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి, వేతన సవరణ సంఘాల గురించి నాకంటె బాగా తెలిసిన పెద్దలు మనలో ఎందరో ఉన్నారు. నాకు బాగా తెలిసినవి రెండే. ఒకటి ఫైలుకు దారం కట్టడం, రెండు సైకిల్ తొక్కడం. 1972లో ఎల్.డి.సి.గా చేరి 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయేదాకా ఈ రెండూ నన్ను వదలలేదు. అందుచేత సైకిల్ గురించే, అందులోనూ సైకిల్ వెనక మనం కట్టుకున్న పెట్టెలు, బుట్టలు, సంచుల గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. ఇదేం చరిత్ర అని నవ్వకండి. మన తరం ఉద్యోగుల ఇళ్ళలోకి బియ్యం, గ్యాసునూనె, పిల్లల పుస్తకాలు, ఆఫీసు కాగితాలు అన్నీ ఆ రెండు చక్రాల మీదనే వచ్చాయి. చివర్లో నేను చేసిన ఒక పొరపాటు కూడా చెప్పుకోవలసి ఉంది.

మాది గచ్చిబౌలి. గచ్చు చేసిన బావి ఉండేది గనుక ఊరికి ఆ పేరు వచ్చిందని మా పెద్దలు చెప్పేవారు. ఇప్పుడు ఈ పేరు చెబితే అద్దాల మేడలు గుర్తుకొస్తాయి గాని, నా చిన్నతనంలో ఇక్కడ కనిపించేవి బండరాళ్ళు, సీతాఫలం చెట్లు, మేకలు. 1974లో పార్లమెంటు చట్టంతో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఏర్పడి, మొదట ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడుగారి ఇల్లు ‘గోల్డెన్ థ్రెషోల్డ్’లో నడిచి, తర్వాత ఇక్కడి రాళ్ళ మధ్యకు వచ్చింది. అంతకు ముందు మా ఊరికీ పట్నానికీ ఉన్న సంబంధమల్లా పాలు, కూరగాయలు, పండ్లు. అవి రాయదుర్గం, టోలిచౌకి మీదుగా మెహదీపట్నం చేరేవి. చేర్చేది సైకిలే.

సైకిల్ మన దేశానికి ఇంగ్లండు నుంచి వచ్చింది. ర్యాలీ, హంబర్, హెర్క్యులిస్, ఫిలిప్స్ అన్న పేర్లు మా నాయనల తరానికి కంఠతా వచ్చు. స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడే తయారీ పెరిగింది. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో మొదలయ్యాయి. ఆసన్‌సోల్‌లో సెన్-ర్యాలీ ఉండేది. ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు, నిలువు హ్యాండిలు, తోలు సీటు ఉన్న ఆ నల్లటి బండికి ఒకటే లోపం. మనిషిని మోయడానికి చేశారు గాని, సామాను ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. వెనక స్ప్రింగు పట్టీ ఉన్న సన్నని కడ్డీల క్యారియర్ ఒక్కటే ఆధారం. ఆ పట్టీ కింద గొడుగో, పుస్తకమో నిలబడుతుంది గాని అయిదు కిలోల జొన్నలు నిలబడవు. ఆ లోపాన్ని సరిచేసింది కంపెనీలు కాదు. పాలవాళ్ళు, మేదరులు, రేకు పనివాళ్ళు, సైకిల్ షాపు మేస్త్రీలు, మనలాంటి చిరుద్యోగులు.

నాకు తెలిసిన మొదటి ఇంజనీరు మా మేనమామ. ఏడో తరగతికి మించి చదవలేదు. 1960 ప్రాంతంలో ఆయన రోజూ తెల్లవారుజామున రెండు పాల క్యాన్లతో మెహదీపట్నం పోయేవాడు. కమ్మరి చేత ఇనుప చువ్వను వంచి, క్యారియర్‌కు రెండు వైపులా వేలాడే కొక్కేలు చేయించాడు. క్యాను అడుగు చక్రం ఇరుసు కంటె ఒక జానెడు పైన ఉండేటట్లు చూసుకునేవాడు. ఎత్తుగా కడితే మలుపులో బండి పడిపోతుంది. మరీ కిందికి వేలాడితే గతుకుల్లో రాళ్ళకు కొట్టుకుంటుంది. వెనక్కి జరిగితే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం లేస్తుంది. మరీ ముందుకు జరిగితే పెడలు తొక్కే కాలి మడమకు తగులుతుంది. ఈ నాలుగూ ఆయన పుస్తకంలో చదవలేదు, పడి లేచి నేర్చుకున్నాడు. పాలు తొణకకుండా క్యాను మూతి దగ్గర శుభ్రమైన గడ్డి చుట్ట పెట్టేవాడు. ఒకవైపు పాలు అమ్ముడైపోతే, రెండో వైపు నుంచి సగం ఇటు పోసేవాడు. నేను పుస్తకాల సంచి భుజానికి వేసుకుని సైకిల్ ఎక్కబోతే ఆపి, “బరువు నీ వీపుకు కాదు అల్లుడా, బండికి చెప్పాలె” అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ పనికొస్తున్నది.

ఆ రోడ్డు మీద ఎన్ని రకాల ఏర్పాట్లు ఉండేవో చెప్పాలంటే ఒక జాబితా అవుతుంది. సీతాఫలాల కాలంలో మేదరులు అల్లిన వెడల్పాటి వెదురు బుట్ట క్యారియర్ మీద బోర్లించిన పీట లాంటి చెక్కపై కూర్చునేది. బుట్ట అడుగున ఆకులు పరిచేవారు, కాయలు నలగకుండా. గీత కార్మికులు కల్లు లొట్లను తాటినారతో అల్లిన ఉట్టిలో వేలాడదీసేవారు. పాలైసు అమ్మేవాడి చెక్కపెట్టెకు లోపల ఇంకో పెట్టె ఉండి, రెంటి మధ్య రంపపు పొట్టు కూరి ఉండేది. అది వేడిని లోపలికి రానివ్వదు. థర్మోకోలు వచ్చాక పొట్టు పోయింది. బన్నులు, రస్కులు అమ్మేవారికి అద్దం బిగించిన రేకుపెట్టె, పోస్టుమాన్‌కు హ్యాండిలు మీద ఖాకీ సంచి. బియ్యం మర పట్టించడానికి పోయే మా అందరికీ గోనెసంచి ఉండేది. దాన్ని సీటు ముందున్న కడ్డీ మీద అడ్డంగా వేసి, రెండు వైపులా సమానంగా వేలాడదీస్తే గాడిద మీద గోతాము వేసినట్లే.

వీటన్నిటినీ బండికి పట్టి ఉంచింది ఒకే వస్తువు. పాత ట్యూబు. పంక్చర్లు వేసి వేసి ఇక పనికిరాదన్న ట్యూబును సైకిల్ షాపులో ఊరికే ఇచ్చేవారు. దాన్ని నిలువుగా రెండు పట్టీలుగా కోస్తే, ఏ తాడూ చేయలేని పని చేస్తుంది. తాడు గతుకుకు వదులవుతుంది. రబ్బరు సాగి మళ్ళీ బిగుస్తుంది. జారదు, తడిసినా ఉబ్బదు, సామానును కోయదు. మన ఫైళ్ళకు ఎర్రదారం ఎలాగో సైకిల్‌కు ట్యూబు పట్టీ అలాగ.

రెండో వస్తువు రేకు డబ్బా. కిరసనాయిలు నాలుగు గ్యాలన్ల డబ్బాల్లో, అంటే సుమారు 18 లీటర్లవి, వచ్చేది. బర్మా షెల్ లాంటి కంపెనీలు రెండేసి డబ్బాలను ఒక చెక్కపెట్టెలో పెట్టి ఊరూరికీ పంపేవి. నూనె అయిపోయిన తర్వాతే ఆ డబ్బాకు అసలు జీవితం మొదలయ్యేది. నీళ్ళ డబ్బా, బియ్యం డబ్బా, పొయ్యి, ఇంటి కప్పుకు మాటు, చివరకు సైకిల్ పెట్టె. చెక్కపెట్టె కూడా వృథా పోలేదు. తర్వాతి రోజుల్లో వంట నూనెల 15 కిలోల డబ్బా దాని స్థానంలోకి వచ్చింది. సైకిల్ మీద పెట్టె అనేది కొత్తగా కొన్న వస్తువు కాదు, ఇంట్లో ఒకసారి వాడి ఖాళీ అయిన వస్తువు.

ఇది మన ఒక్కరి గొప్ప అనుకోవద్దు. బొంబాయిలో 1890 నుంచి నడుస్తున్న డబ్బావాలాలు హ్యాండిలుకు, క్యారియర్‌కు పదుల కొద్దీ టిఫిన్ డబ్బాలు తగిలించుకుని ఊరంతా తిరిగారు. 1954లో వియత్నాంవారు దియన్ బియన్ ఫూ అనే కోటలో ఫ్రెంచివారిని ఓడించినప్పుడు, కొండల్లోకి బియ్యం, మందుగుండు చేరవేసినవాటిలో ఇరవై వేలకు పైగా సైకిళ్ళు ఉన్నాయి. వారు వాటిని తొక్కలేదు, నడిపించారు. హ్యాండిలుకు ఒక పొడవాటి వెదురు కర్ర కట్టి పక్కన నడుస్తూ దారి పట్టించారు. సీటు వెనక ఇంకో కర్ర నిలబెట్టి దాన్ని పట్టుకుని తోశారు. అలా ఒక్కో బండి మీద రెండు, మూడు వందల కిలోల దాకా మోశారు. ఆ సంగతి చదివినప్పుడు నాకు మా మేనమామే గుర్తుకొచ్చాడు. ఆయనా ఎత్తులో బండి దిగి, క్యాను కొక్కేన్ని పట్టుకుని తోసేవాడు.

ఇక నా పొరపాటు సంగతి.

ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకు సైకిల్ అడ్వాన్సు తీసుకుని అట్లాస్ కొన్నాను. జీతంలో నెలనెలా కోతతో అప్పు తీరింది. గచ్చిబౌలి నుంచి లక్డీకాపూల్ వైపు ఆఫీసుకు పోను రాను ముప్పై కిలోమీటర్లకు కొంచెం తక్కువ. ఆఫీసులో తెమలని పని ఇంటికి తెచ్చుకునే అలవాటు మనలో చాలామందికి ఉండేది. సర్వీసు రిజిస్టర్లు ఇంటికి తీసుకుపోకూడదన్న నియమం నాకు తెలుసు. అయినా 1981 జులైలో ఒక శనివారం సాయంత్రం, సర్వీసులో ఉండగానే చనిపోయిన ఒక అటెండరు గారి రిజిస్టరు ఇంటికి తెచ్చాను. ఆయన భార్యకు కుటుంబ పెన్షను ప్రతిపాదనలు త్వరగా పంపాలని నా తాపత్రయం. ఉద్దేశం మంచిదే. గుడ్డసంచిలో పెట్టి, క్యారియర్ మీద ఆ స్ప్రింగు పట్టీ కింద దూర్చాను. ఆ సాయంత్రం తొందరలో ట్యూబు పట్టీ కూడా చుట్టలేదు.

టోలిచౌకి దాటాక వాన పట్టుకుంది. తల దాచుకోవడానికి రాయదుర్గం దాకా ఏమీ లేదు. గట్టిగా తొక్కాను. ఇంటికి వచ్చి చూస్తే సంచి లేదు. వెనక్కి తిరిగి చీకట్లో వెతుక్కుంటూ పోతే, ఒక మోరీ పక్కన నీళ్ళలో దొరికింది. కొన్ని పేజీలు బ్లూబ్లాక్ సిరాతో రాసినవి, అవి నిలిచాయి. కొన్ని ఎవరో మామూలు నీలం సిరాతో రాశారు. అవి ఆకాశం రంగు మరకలైపోయాయి. తొమ్మిదేళ్ళ ఇంక్రిమెంట్లు, సెలవు ఖాతా, సర్వీసు సరిచూసినట్లు అధికారి సంతకాలు అన్నీ నా కళ్ళ ముందే పోయాయి.

సోమవారం మా సూపరింటెండెంటుగారి ముందు నిలబడి ఉన్నది ఉన్నట్లు చెప్పాను. ఆయన తిట్టలేదు. “తిరగరాయి” అన్నారు. తిరగరాయడమంటే ఏమిటో మీలో చాలామందికి తెలుసు. పాత జీతాల బిల్లులు, అక్విటెన్సు రోళ్ళు, సెలవు ఉత్తర్వుల నకళ్ళు రికార్డు గదిలోంచి దుమ్ము దులిపి తీయాలి. ఆయన పనిచేసిన ఇతర ఆఫీసులకు ఉత్తరాలు రాయాలి, జవాబులకు ఎదురుచూడాలి. ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ఆ అమ్మ నెలకోసారి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, “సారూ, నా కాగితం వచ్చిందా?” అని అడిగేది. ఇద్దరు పిల్లలు ఆమె కొంగు పట్టుకుని ఉండేవారు. తాత్కాలికంగా కుటుంబ పెన్షను ఇప్పించే దారి ఒకటి ఉన్నదని నాలుగో నెలలో ఒక అనుభవజ్ఞుడు చెబితే గాని నాకు తెలియలేదు. అది తెలిశాక కొంత ఊరట కలిగించగలిగాను. కాగితం ఎందుకు ఆలస్యమైందో మాత్రం ఆమెకు చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది. చివరకు మంజూరు ఉత్తర్వు వచ్చిన రోజు ఆమె నాకు దండం పెట్టింది. ఆ దండం తీసుకునే అర్హత నాకు లేదు. నలభై ఏళ్ళు దాటినా ఈ మాట ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

రిజిస్టరు పోయిన వారంలోనే నేను పెట్టె చేసుకున్నాను. ఎలా చేశానో రాస్తాను, ఎవరి మనవడికైనా పనికిరావచ్చు.

నూనె 15 కిలోల డబ్బాలు రెండు తీసుకుని, బూడిదతోను వేడినీళ్ళతోను జిడ్డు వదిలేదాకా కడిగాను. మొదటి డబ్బాను అడ్డంగా పడుకోబెట్టి, పైకి వచ్చిన ముఖాన్ని రేకు కత్తెరతో తీసేశాను. అంచులు అరంగుళం లోపలికి మడిచి సుత్తితో అణిచాను. లేకపోతే చేయి తెగుతుంది. మడిచిన అంచు మీద చీల్చిన ట్యూబు తొడిగాను. రెండో డబ్బా రేకుతో మూత. మూత పెట్టె కంటె అన్ని వైపులా ఒక అంగుళం పెద్దదిగా ఉండి కిందికి వంగాలి, మన ఇంటి చూరులాగ. అప్పుడు నీరు బయటికే జారుతుంది. బందులు కొనలేదు. పాత టైరు ముక్కలు రెండు రివిట్లతో బిగిస్తే అవే బందులు. పెట్టె కింద ఒక చెక్క పలక పెట్టాను. పలక లేకుండా రేకునే కడ్డీలకు బిగిస్తే, గతుకులకు నెల రోజుల్లో బోల్టు దగ్గర చిరుగుతుంది. వెడల్పు వాషర్లు వేసి నాలుగు బోల్టులు బిగించి, రంధ్రాల చుట్టూ తారు పూశాను. లోపల అడుగున రెండు సన్నని చెక్కలు పరిచాను, ఎక్కడన్నా చెమ్మ దిగినా కాగితాలకు అంటకుండా. పైన మిగిలిపోయిన ఆకుపచ్చ రంగు. బోల్టులకు, రివిట్లకు తప్ప డబ్బు పెట్టింది లేదు. మూత మీదుగా రెండు ట్యూబు పట్టీలు అడ్డంగా దాటిస్తే తాళంతో పని లేదు.

ఆ పెట్టెలో ఆఫీసు కాగితాలు మళ్ళీ తీసుకుపోలేదు. మా ఇంటి రేషను, అమ్మ మందులు, పిల్లల పరీక్ష ఫీజు రసీదులు మాత్రం వచ్చేవి. మా ఆఫీసులో నలుగురైదుగురు నన్ను చూసి చేయించుకున్నారు. మెహదీపట్నం రేకు పనివాడికి అది కొన్నాళ్ళు ఒక బేరమైంది.

తర్వాత కాలం మారింది. పాల పాకెట్లు ఇంటింటికీ వచ్చాక పాల సైకిళ్ళు తగ్గాయి. ఆల్విన్ పుష్పక్, చేతక్ స్కూటర్లు వచ్చాక పెట్టె స్థానంలో డిక్కీ వచ్చింది. రేకు డబ్బా పోయి ప్లాస్టిక్ క్యాను వచ్చింది. 1998లో మాదాపురంలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2003లో ఆఫ్రో ఏషియన్ క్రీడలు మా ఊళ్ళోని స్టేడియాల్లో జరిగాయి. మేనమామ క్యాన్లు తోసిన ఎత్తు మీద ఇప్పుడు వంతెనలు ఉన్నాయి. 2020 జూన్‌లో సాహిబాబాద్‌లోని అట్లాస్ ఫ్యాక్టరీ మూతపడిందని, అదీ ప్రపంచ సైకిల్ దినం నాడేనని పేపరులో చదివి ఆ పూట అన్నం సయించలేదు. అంతకు కొద్ది రోజుల ముందే, కరోనా లాక్‌డౌన్‌లో ఒక బాలిక కాలు దెబ్బతిన్న తండ్రిని క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుంచి బీహారులోని సొంతూరికి సుమారు 1,200 కిలోమీటర్లు తొక్కిన వార్త వచ్చింది. ఆ సన్నని కడ్డీలు ఎంత బరువు మోయగలవో దేశమంతా చూసింది.

2023 అక్టోబరులో మా దగ్గరే ఔటర్ రింగు రోడ్డు వెంట, నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరుల వైపు 23 కిలోమీటర్ల సైకిల్ దారి ప్రారంభించారు. పైన కప్పుగా సౌర పలకలు. చూడముచ్చటగా ఉంది. అక్కడికి వచ్చే సైకిళ్ళకు చాలావాటికి క్యారియర్ లేదు, మడ్‌గార్డు లేదు. వ్యాయామానికి తొక్కేవారికి అవి అక్కర్లేదు, తప్పు పట్టడం లేదు. కాని పొట్టకూటికి సైకిల్ తొక్కేవాళ్ళు ఇంకా ఉన్నారు.

మా అపార్టుమెంటుకు తిండి పొట్లాలు తెచ్చే ఒక కుర్రవాడు సైకిల్ మీదే వస్తాడు. పెద్ద చదరపు సంచి వీపుకు తగిలించుకుని, రోజుకు పది, పన్నెండు గంటలు. ఒకరోజు లిఫ్టు దగ్గర నడుము పట్టుకుని నిలబడ్డాడు. “సంచి బండి మీద పెట్టుకోవచ్చు కదా బాబూ?” అన్నాను. “ఈ సైకిల్‌కు క్యారియరే రాలేదు తాతా” అన్నాడు. నాకు మేనమామ మాట చెవిలో మోగింది. మరుసటి గురువారం మా అబ్బాయిని వెంటబెట్టుకుని జుమేరాత్ బజారుకు పోయి ఒక పాత క్యారియర్ తెచ్చాను. ఆ గేరు సైకిల్‌కు అది నేరుగా పట్టలేదు, ఒక మేస్త్రీ రెండు పట్టీలు వెల్డింగు చేసి కుదిర్చాడు. పైన ఒక పలక, పలక చుట్టూ రెండంగుళాల అంచు. సంచి అందులో కూర్చుంటుంది. రెండు ట్యూబు పట్టీలు. అతని వీపు ఖాళీ అయింది. వారం తర్వాత వచ్చి, తన స్నేహితులు ఇద్దరు అడుగుతున్నారని చెప్పాడు. ఈ వయసులో నాకు అంతకంటె పెద్ద ప్రమోషను ఏముంటుంది?

నా ఆకుపచ్చ పెట్టె ఇంకా ఉంది. సైకిల్ పోయింది గాని పెట్టె బీరువా పైకి చేరింది. అందులో నా పి.పి.ఓ., బ్యాంకు పాసుపుస్తకం, మా వివాహ ఫోటో, ఇద్దరి ఆధార్ కార్డుల నకళ్ళు, జీవన ప్రమాణ పత్రం రసీదు ఉన్నాయి. మా ఆవిడకు, కోడలికి చూపించి, “నాకేమైనా అయితే మొదట ఈ పెట్టె దించండి” అని చెప్పాను. మీరూ దయచేసి ఏదో ఒక పెట్టెలో ఆ పని చేయండి. కాగితం తడిసినా, కనపడకపోయినా, ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడవలసి వచ్చేది మనం కాదు, మన ఇంట్లోవాళ్ళు.

ఇక సెలవు.

— ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, గచ్చిబౌలి